ఎరుకయు నమ్మికయు: ముగ్ధభక్తుల కథలపై ఒక పరిశీలనము

విషయప్రవేశము

బళ్ళారినుండి హొసపేటకు పోవు బాటలో, మా కుడతిని సమీపమున, గుట్టల నడుమ ఒక కనుమ కలదు. ఆ కనుమలో బూడిదతో నిండిన పెద్ద దిబ్బ యొకటి యున్నది. దానినిబట్టియే ఆ చోటికి బూదికనుమ యని పేరు వచ్చినది. భీమసేనుడు హిడింబాసురుని సంహరించి దహించిన తావిదియే యనియు, ఆ రాక్షసుని బూడిదయే యిట్లు గుట్టపడినదనియు జనులు చెప్పుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దిలో న్యూబోల్డు దొర ఈ దిబ్బను చూచి వ్రాసెను. తరువాత సూయెల్, రాబర్టు బ్రూసు ఫుట్ మున్నగువారు దీని పుట్టుకను గూర్చి వాదించిరి. నవీన శిలాయుగమునాటి పశుపాలకులు ఆవుపేడను ప్రోగుచేసి పలుమారులు కాల్చగా ఇట్టి దిబ్బలు ఏర్పడినవని నేడు పురాతత్త్వజ్ఞులు అంగీకరించుచున్నారు. ఆల్చిన్ పండితుడు పాలమూరు సీమలోని ఉట్నూరున ఇట్టి దిబ్బనే 1957లో త్రవ్వించెను. 1963లో ప్రకటించిన గ్రంథమున, ఈ కాల్చుట ఏటేట వచ్చు పండుగలకు సంబంధించిన ఆచారమై యుండునని ఆయన ఊహించెను.

ఆ పశుపాలకుల మంత్ర మొక్కటియు మనకు దక్కలేదు. వారి దేవుని పేరును దక్కలేదు. వారు కాల్చిన పేడబూడిద మాత్రము దక్కినది. అదే ఆవుపేడను కాల్చి విభూతి చేసి, నొసట ధరించి, మా సీమలోని శైవులు నేటికిని లింగపూజకు కూర్చుండుచున్నారు. వారిలో విభూతిధారణ తత్త్వమును శాస్త్రప్రకారము చెప్పగలవారు ఎందరు? ఊరికి నలుగురుందురేమో. మిగిలినవారి భక్తి భక్తి కాదా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టలేదు. తరగతి గదిలో ఒకసారియు, మా యింటి దేవుని గూటి యెదుట ఒకసారియు పుట్టినది. ఆ ముచ్చటను తరువాత మనవి చేసెదను. మొదట, మన తెలుగు వాఙ్మయమే ఈ ప్రశ్నను ఎట్లు విచారించినదో చూతము. మతసిద్ధాంతము తెలియనివాని భక్తి నిజమైన భక్తి యగునా, కాదా యన్న విషయమై ఇంత సూటిగా, ఇంత ప్రేమతో ఆలోచించిన వాఙ్మయము వేరొకటి యరుదు.

ముగ్ధు లెవరు?

పాల్కురికి సోమనాథుని బసవపురాణము ద్విపదలో వెలసిన వీరశైవ పురాణము. ఆ కవి కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు. కొందరు మొదటి ప్రతాపరుద్రుని కాలమందురు, కొందరు రెండవ ప్రతాపరుద్రుని కాలమందురు. కాకతీయుల నాటివాడనుటలో మాత్రము వివాదము లేదు. బసవేశ్వరుని చరిత్రమును చెప్పుచు, నడుమ నడుమ ఆయన నోటను, ఇతర భక్తుల నోటను పూర్వభక్తుల కథలను పెక్కింటిని సోమనాథుడు చెప్పించెను. వానిలో ముగ్ధభక్తుల కథలు ఒక మాలగా గ్రుచ్చబడినవి. ముగ్ధు డనగా ఇచట మూర్ఖుడు కాదు. లోకపు లౌక్యమునుగాని శాస్త్రపు లోతునుగాని ఎరుగక, విన్నదానిని విన్నట్లే నమ్మి, నమ్మినదానికి ప్రాణమొడ్డువాడు ముగ్ధుడు.

రుద్రపశుపతి కథ చూడుడు. ఆయన పురాణము వినుచుండగా శివుడు హాలాహలము మ్రింగిన ఘట్టము వచ్చినది. విషము త్రాగినవాడు బ్రదుకునా? అయ్యో, శివుడు చచ్చునే యని ఆయన తల్లడిల్లెను. విషము క్రక్కిననే గాని తాను బ్రదుకనని ప్రాణత్యాగమునకు సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమై, నాకేమియు కాలేదని చెప్పినను ఆయనకు నమ్మకము చాలలేదు. కడకు శివుని తొడపై కూర్చుండి, ఆ విషము గొంతు దిగకుండ కంఠమును రెప్పవాల్పక చూచుచు నేటికిని కనిపెట్టుకొని యున్నాడట!

బెజ్జమహాదేవి కథ మరియొక విధము. అందరికిని తల్లి కలదు, శివునకు తల్లి లేదు. తల్లి యున్నచో ఆయనను జడలు కట్టనిచ్చునా, బూడిద పూసికొననిచ్చునా, విషము త్రాగనిచ్చునా యని ఆమె తలచెను. తానే తల్లియై లింగమునకు నలుగుపెట్టి, నీళ్ళుపోసి, కాటుకదిద్ది, ఉగ్గుపెట్టి పెంచెను. శివుడు ఆమె ప్రేమను పరీక్షింప దలచి అంగిటి ముల్లు వచ్చినట్లు నటించి పాలు త్రాగడాయెను. బిడ్డ తిననిచో తానేల బ్రదుకవలెనని ఆ తల్లి ప్రాణము విడువ సిద్ధపడగా, ఆయన ప్రత్యక్షమయ్యెను. ఆమెకు అమ్మవ్వ యని పేరు నిలిచినది.

గొడగూచి పసిపిల్ల. ఊరికి పోవుచు తండ్రి, దినదినము లింగమునకు పాలు నివేదింపుమని చెప్పిపోయెను. నివేదించుట యనగా ఎదుట పెట్టి తిరిగి తెచ్చుకొనుట యని ఆ బిడ్డకు ఎవరును చెప్పలేదు. లింగము త్రాగలేదు. తండ్రి కోపించునని ఏడ్చినది, బ్రతిమాలినది, తల బ్రద్దలుకొట్టుకొన బోయినది. శివుడు పాలు త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి నమ్మలేదు. ఆ బిడ్డ లింగమునందు లీనమైనది. మా సీమలోని కన్నడిగులు ఈమెను కోళూరు కొడగూసు అందురు. ఒకే బిడ్డకు రెండు భాషలలో రెండు పేరులు.

ఇక కన్నప్ప సంగతి తెలియని తెలుగువాడు లేడు. పుక్కిటి నీటితో అభిషేకించి, సిగలోని పూలు పెట్టి, తాను రుచిచూచిన మాంసమును నివేదించిన ఆ బోయ, ఆగమము దృష్టిలో చేసినవన్నియు అపచారములే. శివుని కంట నెత్తురు కారుట చూచి తన కన్నును తానే పెకలించి పెట్టినప్పుడు ఆ అపచారము లన్నియు ఏమైనవి?

ఇచట పరిశోధకులు గమనింపదగిన విషయ మొకటి కలదు. పండ్రెండవ శతాబ్దిలో, రెండవ కులోత్తుంగ చోళుని కాలమున, శేక్కిళారు రచించిన తమిళ పెరియపురాణమునందును రుద్రపశుపతి యున్నాడు. కాని ఆ రుద్రపశుపతి వేదవేత్త యైన బ్రాహ్మణుడు. మెడలోతు నీట నిలిచి రేయింబవళ్ళు శ్రీరుద్రమును జపించినవాడు. అనగా తమిళమున మంత్రజ్ఞానముచే భక్తుడైనవాడు తెలుగున కథలోని మొదటి సగము మాత్రము విని తల్లడిల్లిన అమాయకుడైనాడు. ఈ మార్పు సోమనాథుడే చేసెనో, ఆయనకు ముందే భక్తగోష్ఠులలో జరిగినదో, ఏదైనను ఇది యాదృచ్ఛికము కాదు. మంత్రము తెలిసినవాని కథకంటె, గొంతులోని విషమునకు భయపడినవాని కథయే ఈ నేలమీద జనులకు కావలసియుండినది.

హంపీ నీడలో

ఈ కథలకును మా సీమకును గల సంబంధమును ఒక్క మాటలో చెప్పెదను. విరూపాక్షుని సన్నిధిని హంపీలో వసించిన హరిహర కవి కన్నడమున రగళెలలో శివభక్తుల చరిత్రములను గానము చేసెను. సోమనాథుని తెలుగు బసవపురాణమును భీమకవి 1369లో కన్నడ షట్పదిలోనికి మార్చెను. కృష్ణదేవరాయల కాలమువాడైన ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున సాలెపురుగు, పాము, ఏనుగు, తిన్నడు అనువారి కథలను ప్రబంధముగా తీర్చెను. ఆయనదే యైన శతకమునందు ఒక ప్రసిద్ధపద్యము కలదు. సాలీడు ఏ వేదమును చదివినది, పాము ఏ శాస్త్రమును చూచినది, ఏనుగు ఏ విద్య నేర్చినది, ఆ బోయ ఏ మంత్రమును ఎరుగునని అందు ప్రశ్నించి, మోక్షమునకు మూలము చదువు కాదు, సేవాసక్తియే యని కవి తేల్చినాడు.

అనగా తమిళదేశమున పుట్టి, తెలుగున ముగ్ధమై, కన్నడమునకు పోయి, మరల హంపీ నీడను తెలుగున పండిన భావమిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడిననాడే బళ్ళారి మైసూరునకు చేరినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. తాలూకాలను గీతగీసి పంచవచ్చును గాని గొడగూచిని ఎవరు పంచగలరు?

అదే కవి, రెండవ పార్శ్వము

ఇంతవరకు చెప్పినదానిని బట్టి భక్తికి సిద్ధాంతజ్ఞానము అక్కరలేదని తీర్పు చెప్పుట సులభము. కాని అట్లు చెప్పినచో సోమనాథునకు అన్యాయము చేసినవారమగుదుము. ముగ్ధుల కథలు చెప్పిన ఆ కవియే సంస్కృతమున సోమనాథభాష్యమను పేర శాస్త్రప్రమాణములతో శైవమతమును స్థాపించెను. తెలుగున అనుభవసారమను తత్త్వకృతిని రచించెను. పండితారాధ్యచరిత్రమను బృహద్గ్రంథమున మతవాదములను, ఆచారములను, నానావిద్యలను ప్రోగుచేసెను. ఆ గ్రంథమునకు నాయకుడైన మల్లికార్జున పండితారాధ్యుడు ముగ్ధుడు కాడు. శివతత్త్వసారమున కందపద్యములలో అద్వైతాది పరమతములను ఖండించిన వాదశూరుడు.

మరి ఒకే మతము, ఒకే కవి, ఒక చేత గొడగూచిని, ఒక చేత భాష్యమును ఏల పట్టుకొనవలసివచ్చినది? నాకు తోచిన సమాధాన మిది. మతమునకు సిద్ధాంతము కావలయును. భక్తునకు భక్తి కావలయును. ఈ రెండు అవసరములును ఒకటి కావు. పరమతస్థుడు వాదమునకు వచ్చినప్పుడు గొడగూచి కన్నీరు సమాధానము కాదు. పసిబిడ్డ పాలగిన్నె పట్టుకొని ఏడ్చునప్పుడు భాష్యము సమాధానము కాదు. సమాజములో కొందరైనను తత్త్వమును ఎరిగి నిలుపనిచో మతము మాటలపోగై చెడును. అందరును ఎరిగియే తీరవలెనన్నచో అది పరీక్షాశాల యగును.

పెరియపురాణములోని కన్నప్ప కథలో ఆగమము తెలిసిన అర్చకు డొకడు కలడు. మాంసఖండములను చూచి ఏవగించుకొని గుడిని శుద్ధిచేసెను. శివుడు అతనిని శపింపలేదు. చాటున నుండి చూడుమని స్వప్నమున ఆజ్ఞాపించెను. ఇది నేను పలుమారులు ఆలోచించిన ఘట్టము. ఆ కథలో కన్నప్ప క్రొత్తగా నేర్చినదేమియు లేదు. నేర్చినవాడు అర్చకుడు. కావున ముగ్ధుల కథలు ముగ్ధులకొరకు చెప్పినవి కావు. చదువుకొన్నవారి కొరకు చెప్పినవి. మరియు కన్నప్ప చేసిన పనికి సాక్షిగా నిలిచినవాడును ఆ చదువుకొన్నవాడే. అతడు చూడనిచో ఆ కథ అడవిలోనే అణగిపోయి యుండును.

శాస్త్రముల మాట

మన శాస్త్రములును ఈ విషయమున ఏకవాక్యముగా లేవు. భగవద్గీత పదుమూడవ అధ్యాయమున ధ్యానము, సాంఖ్యము, కర్మయోగము అను మార్గములను చెప్పిన వెంటనే, ఇవి యేవియు తెలియక ఇతరుల వలన విని ఉపాసించువారును మృత్యువును దాటుదురని చెప్పబడినది. విన్నదానిని గట్టిగా పట్టుకొనుటయే వారి సాధనము. ఇది ముగ్ధులకు గీత యిచ్చిన అనుమతిపత్రము వంటిది.

నారదభక్తిసూత్రములు ఇంకను సూక్ష్మముగా విచారించినవి. భక్తికి జ్ఞానమే సాధనమని కొందరును, రెండును పరస్పరాశ్రయములని కొందరును చెప్పుదురని పేర్కొని, భక్తి తనకు తానే ఫలమని నారదమతమును స్థాపించినవి. కాని ఆ సూత్రములే వ్రజగోపికలను ఉదాహరించుచు ఒక హెచ్చరికయు చేసినవి. గోపికలు కృష్ణుని మాహాత్మ్యమును మరచిరని అనరాదు. ఆ యెరుక లేనిచో వారి ప్రేమ జారప్రేమతో సమానమై యుండునని. అనగా భక్తికి శాస్త్రము అక్కరలేకపోవచ్చును గాని, ఎవనిని ప్రేమించుచున్నామో ఆ యెరుక లేక తప్పదు.

ఈ కొలతతో ముగ్ధులను మరల చూచినచో క్రొత్త సంగతి తెలియును. రుద్రపశుపతికి సముద్రమథనపు తత్త్వము తెలియదు. శివుడు లోకముకొరకు విషము త్రాగెనని తెలియును. బెజ్జమహాదేవికి శివుడు అనాది యని, అందుచేతనే తల్లి లేదని తెలియదు. ఆయన ప్రేమకు అందువాడని తెలియును. గొడగూచికి నివేదన లక్షణము తెలియదు. పిలిచిన పలుకువాడని తెలియును. వారికి తెలియనివి వేయి కలవు. తెలిసిన ఆ యొక్కటియు తప్పు కాదు. దానిని చదువు అనలేము, ఎరుక అనవచ్చును. అదియు లేనిచో వారి కథలు భక్తికథలు కాక అమాయకుల హాస్యకథలై మిగిలియుండును.

ఇతర మతములలో ఇదే తగవు

ఈ తగవు మనకు మాత్రమే చెందినది కాదు. పదుమూడవ శతాబ్దిలో క్రైస్తవ తత్త్వవేత్త తోమా అక్వినాసు, విశ్వాసాంశములను వివరముగా ఎరుగుట అందరికిని సమానవిధి కాదనెను. బోధించువారు ఎక్కువ ఎరుగవలెను, సామాన్యులు వారిని ఆశ్రయించియుందురు. ఇందుకు బైబిలులోని యోబు గ్రంథము నుండి, దున్నుచున్న ఎద్దులు, ప్రక్కన మేయుచున్న గాడిదలు అను దృష్టాంతమును ఆయన చూపెను. మూడువందల యేండ్ల తరువాత కాల్విను దీనిని తీవ్రముగా ఖండించెను. తెలియనిదానిని ఇతరులపై భారమువేసి నమ్మితిననుట విశ్వాసము కాదు, అజ్ఞానమునకు పెట్టిన ముద్దుపేరు మాత్రమే యని ఆయన వాదము. ఆ వాద బలమువలననే సంస్కరణవాద సంఘములలో సామాన్యులకు ప్రశ్నోత్తరరూపమున మతబోధ చేయు పద్ధతి బలపడినది.

ఇస్లాములోను ఇట్లే. ప్రమాణము తెలియక పెద్దలను అనుసరించి మాత్రము నమ్మువాని విశ్వాసము చెల్లునా, చెల్లదా యని మతశాస్త్రజ్ఞులు శతాబ్దములు వాదించిరి. మహాపండితుడైన గజాలీ 1111లో కాలధర్మము నొందుటకు ముందు వ్రాసిన కడపటి గ్రంథములలో ఒకటి, సామాన్యులను తర్కశాస్త్రపు చిక్కులలోనికి ఈడ్వరాదని బోధించునది. జీవితమంతయు తర్కము చేసినవాడు కడపట చెప్పిన మాట యగుటచే దానికి బరువు ఎక్కువ.

అక్వినాసు వాదమున ఒక చిక్కు కలదు: సామాన్యులు ఎన్నటికిని ఎద్దుల ప్రక్కన మేయుచుండవలసినదేనా? కాల్విను వాదమున ఇంకొక చిక్కు: పలుకలేని ముసలమ్మ సంగతి యేమి? రెండు చిక్కులకును మన సోమనాథుని వద్ద సమాధానము దొరకునని నా విశ్వాసము.

నిష్కాపట్యము మాత్రము చాలునా?

అంతకు ముందు ఒక ఆక్షేపణమునకు జవాబు చెప్పవలసియున్నది. తెలియకపోయినను మనసు నిర్మలమైన చాలునన్నచో, నిర్మలమైన మనసుతో జరిగిన ఘోరముల మాట యేమి? శైవకథలలోనే, తాను ఇసుకతో చేసిన లింగమును తన్నిన తండ్రి కాళ్ళను నరికిన చండేశ్వరుడు కలడు. కొడుకును వండిపెట్టిన సిరియాళుడు కలడు. కథలుగా వీనికి అంతరార్థములు చెప్పవచ్చును. లోకములో మాత్రము నిష్కపటముగా నమ్మి పొరుగువానికి హాని చేసినవారు ప్రతి మతమునందును ఉన్నారు. తెలియని భక్తుని నమ్మికను పెట్టుబడిగా పెట్టుకొని బ్రదుకు కపటులును ప్రతి యుగమునందును ఉన్నారు.

కావున నిష్కాపట్యము ఒక్కటియే కొలబద్ద కాదు. ఐనను ముగ్ధుల మాలలో ఒక విశేషమును గుర్తింపవలయును. వీరిలో ఎవరును తమ నమ్మికకు వెలను ఇతరులచేత కట్టింపలేదు. కన్నప్ప బాణము తన కంటికే గురిపెట్టెను. గొడగూచి తన తలనే కొట్టుకొన బోయెను. అమ్మవ్వ తన ప్రాణమునే విడువ బోయెను. తెలియనితనము తనకు తాను పెట్టుకొన్న నిప్పైనప్పుడు దానికి చేతులు జోడింపవచ్చును. ఇతరుల ఇంటికి పెట్టిన నిప్పైనప్పుడు దానికి జ్ఞానమే నీరు. జ్ఞానము భక్తిని పుట్టింపకపోవచ్చును. భక్తి దారి తప్పకుండ కాపాడును. ఆ మేరకు, ఇతరులపై అధికారము కలవానికి, అనగా గురువునకు, పెద్దకు, పాలకునకు, సిద్ధాంతజ్ఞానము ఐచ్ఛికము కాదు, విధి.

ఇంటి ముచ్చట

ఇప్పుడు మొదట చెప్పిన ముచ్చట. మా పాఠశాల తెలుగు మాధ్యమపు అల్పసంఖ్యాక భాషా పాఠశాల. పిల్లలు వీధిలో కన్నడము, ఇంట తెలుగు, పెక్కుమంది రెండును కలిపి మాటలాడుదురు. కొన్నేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతికి రుద్రపశుపతి కథ చెప్పుచుంటిని. పిల్లలు నవ్విరి. ఒక బాలిక మాత్రము నవ్వక, "సార్, ఆయనకు తప్పని ఎవరూ చెప్పలేదా?" అని అడిగినది. చెప్పలేదంటిని. "శివుడు కూడానా?" అన్నది. శివుడు కూడ చెప్పలేదు, తొడమీద కూర్చుండ బెట్టుకొన్నాడంటిని. ఆ మాట నా నోటనుండి వచ్చిన తరువాత పాఠము ముందుకు సాగలేదు. పిల్లలకు వ్రాతపని యిచ్చి కూర్చుంటిని.

కారణ మిది. మా యమ్మకు చదువు రాదు. మెడలోని ఇష్టలింగమును అరచేత పెట్టుకొని ప్రతిదినము శివనామములు చెప్పుచు నీళ్ళు పోసెడిది. సంస్కృతనామములు ఆమె నోట సగము విరిగి వచ్చెడివి. నీలకంఠాయ యను నామమును ఆమె "నీళ్ళకంఠాయ" అనెడిది. నేను తెలుగు పండిత శిక్షణ ముగించి ఇంటికి వచ్చిన క్రొత్త. ఒకనాడు ప్రక్కన కూర్చుండి, అమ్మా, నీళ్ళు కాదు, నీల అనగా నల్లని యని అర్థము, విషముచేత కంఠము నల్లబడినవాడని విగ్రహవాక్యముతో సహా వివరించితిని. ఆమె విని, "గొంతులో ఇసం మండుతా ఉంటే నీళ్లు వద్దా నాయనా?" అన్నది. నేను నవ్వితిని.

ఆ తరువాత ఆమె ఆ నామములను పైకి చెప్పుట మానినది. పూజ మానలేదు, నీళ్ళు పోయుట మానలేదు. పెదవులు మాత్రము కదలెడివి, మాట వినబడెడిది కాదు. నేను ఇంట నున్నప్పుడే అట్లు చేయుచున్నదని చాలకాలమునకు తెలిసినది. ఎవరును ఆమెను గద్దింపలేదు. ఆమె భక్తి తగ్గినదని నేననను. కాని ఒక యింటినుండి ఒక గొంతు తగ్గినది. దానికి నా చదువు కారణము. ఆమె ఇప్పుడు లేదు.

రుద్రపశుపతి కథ అంతకు ముందు నాకు తెలియనిదా? పరీక్షకు చదివినదే. మా యమ్మ అనిన మాటయే ఆ కథ యని తెలియుటకు మాత్రము ఒక పసిపిల్ల ప్రశ్న కావలసివచ్చినది. నా యమ్మకు నీల శబ్దార్థము తెలియదు; కంఠములో విషమున్నదని తెలియును, అది మండునని తెలియును, తన చేతిలో నీళ్ళున్నవని తెలియును. నాకు శబ్దార్థము తెలియును. ఇద్దరిలో ఆ నామమును ఎరిగినవారెవరు?

ఫలితాంశము

ఇంతవరకు చేసిన విచారణ వలన తేలినవి సంగ్రహముగా మనవి చేయుచున్నాను. ఒకటి: భక్తికి మతసిద్ధాంతజ్ఞానము అవశ్యకారణము కాదని బసవపురాణమును, ధూర్జటి కృతులును ముక్తకంఠముతో చెప్పుచున్నవి, గీతయు అందుకు అంగీకరించుచున్నది. రెండు: ఐనను భక్తి సర్వజ్ఞానశూన్యము కాదు. ఎవనికి మ్రొక్కుచున్నామో ఆ యొక్క ఎరుక అందు తప్పక యుండును. మూడు: మతము నిలుచుటకును, భక్తి ఇతరులకు హాని కాకుండుటకును సిద్ధాంతము కావలయును. ఆ బాధ్యత తెలిసినవారిది, తెలియనివారిది కాదు.

నాలుగవది సోమనాథుని నుండి నేర్చినది. ఆయన భాష్యము వ్రాయగల సంస్కృతము ఎరిగియు, బసవపురాణమును జాను తెనుగున, పాడుకొనుటకు వీలైన ద్విపదలో చెప్పెను. సంస్కృతము రానివారికి అందవలెననియే ఆ పని చేసెను. అక్వినాసు వలె సామాన్యులను ఎన్నటికిని ప్రక్కన మేయుమనలేదు. కాల్విను వలె తెలియనిచో నీది విశ్వాసమే కాదనలేదు. నీ భక్తికి లోపము లేదు, ఐనను ఈ తత్త్వము నీదియు గదా, నీ భాషలోనే వినుమని తెచ్చి ముంగిట పెట్టెను. జ్ఞానము భక్తునకు ప్రవేశపరీక్ష కాదు. అది ఆతనికి చెందవలసిన ఆస్తి.

సరిహద్దు సీమలో తెలుగు చెప్పుకొని బ్రదుకు మాబోటివారికి ఈ భేదము మతవిషయమున మాత్రమే కాక భాషావిషయమునను వర్తించును. మా పిల్లల తెలుగు కన్నడముతో కలిసిన తెలుగు. దానిని విని, ఇది తెలుగే కాదని నవ్వు పండితులను చూచితిని. ఒకనాడు నేనును అట్లు నవ్వితిని. తప్పు దిద్దుట ఉపాధ్యాయుని వృత్తి. దానిని విడువ నక్కరలేదు. కాని దిద్దుటకు ముందు, ఆ తప్పులో ఎదుటివాడు పట్టుకొన్న నిజ మేదో వినుట కూడ వృత్తిలోనిదే. శివుడు రుద్రపశుపతిని దిద్దకపోవుట అజ్ఞానమును మెచ్చుట కాదు. కంఠములో విషము నిజముగానే కలదు. కాపలా కూర్చున్నవాడు ఆ మాత్రము సరిగానే ఎరిగినాడు.

కురుగోడులో దొడ్డబసవేశ్వరుని యెదుట నిలిచినప్పుడెల్ల నాకు ఈ సంగతియే తోచును. అచట చేతులు జోడించువారిలో షట్‌స్థలసిద్ధాంతమును వివరింపగలవారు ఏ నలుగురో. మిగిలినవారికి ఆ బసవడు తమవాడని తెలియును. ఆ నలుగురి పని మిగిలినవారిని పరీక్షించుట కాదు. వారు అడిగిననాడు చెప్పుటకు సిద్ధముగా నుండుట, అడుగనినాడు వారి నోట నామము నిలువనిచ్చుట. ఈ చిన్న వ్యాసమున దోషములున్నచో సహృదయులు మన్నింతురు గాక. దిద్దగలవారు దిద్దుదురు గాక.